వరస తప్పిన బస్తాలు

“ఈ సంతకం నీదే కదా?”

రాధాకుమారి ఫోను తెచ్చి భర్త కంచం పక్కన పెట్టింది.

మోహనకృష్ణ ఫోను వైపు చూడలేదు. చెంచాతో వేపుడన్నం అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. రంగూను తామ్వే పేటలోని ఆ మూడో అంతస్తు ఇంటికి పొద్దున్న ఏడింటికే కరెంటు పోయింది. పంకా ఆగిపోయిన గదిలో ఎవరి ఊపిరి వాళ్ళకి వినిపిస్తోంది.

“నిన్న నాన్నకి మంచినీళ్ళు పడదామని మీ గోదాము ఆఫీసులోకి వెళ్ళాను. తలుపెనకాల మేకుకి గుచ్చి ఉన్నాది ఈ కాగితం. ఓడకెక్కే సరుకు వరస. మా ఊరి పేరు మూడోది. ఎర్ర సిరాతో కొట్టేసి, బాణం గీసి, అట్టడుక్కి దింపేసున్నాది. పక్కన సంతకం. బర్మా అక్షరాలు నాకూ చదవడం వచ్చు.”

“ఆఫీసు కాగితాలు ఫొటో తియ్యకూడదు, రాధా.”

“నేనడిగింది అది కాదు.”

దేవుడి పటాల ముందు ఒత్తి సర్దుతున్న అత్తగారు లక్ష్మీనరసమ్మ వెనక్కి తిరిగింది.

“తిండి కాడ ఏటే ఈ పంచాయితీ? తిననియ్యి ఆణ్ణి.”

“పన్నెండు రోజులై మా నాన్న జెట్టీలో ఆ బస్తాల పక్కనే పడుకుంటన్నాడు అత్తా. ఈ ఇంట్లో ఒక్క పూటైనా తిన్నాడా? అల్లుడికి పని కాడ మాటొస్తాదని గడప తొక్కలేదు. అల్లుడేమో...”

మాట పూర్తి కాలేదు. కళ్ళు నిండిపోతే కొంగుతో కాక మోచేత్తో తుడుచుకుంది.

మోహనకృష్ణ చెంచా కింద పెట్టాడు.

“నాదే,” అన్నాడు.

వీధిలో మొహింగా, చేపల పులుసు సేమ్యా, అమ్మే మనిషి కేక వేసుకుంటూ వెళ్ళిపోయింది.

“మా యజమాని గుమస్తాలందరి ముందూ అడిగేడు. మీ ఆవిడ ఊరి సరుకని ముందు పెట్టేవా అని. నేను పెట్టలేదు రాధా. వచ్చిన రోజు బట్టే మూడోది అయింది. అలగని చెప్తే ఎవడు నమ్ముతాడు? అందరూ నవ్వేరు. పెన్ను ఆయన పట్టుకోలేదు. నా చేతికిచ్చి, నువ్వే సర్దు అన్నాడు.”

“నువ్వు సర్దేవు.”

“అయిదు రోజుల్లో ఇంకో ఓడ ఉన్నాది. అయిదు రోజులే కదా అనుకున్నాను. తింజాన్ నీళ్ళ పండగ సెలవులకి రేవంతా ఆగిపోయి, ఖాళీ కంటైనర్లు లేక, ఆ ఓడ రంగూను ముట్టకుండానే మద్రాసు పోతాదని నాకేటి తెలుసు? గోదాములో జాగా లేక బస్తాలు బయట పెట్టాల్సొస్తాదని తెలుసా? ఈ తుపాను వాన తెలుసా?”

“తెలీదు. సరే. మరి మొదటి ఓడ వెళ్ళిపోయినప్పుడు, మీ సరుకెందుకు ఎక్కలేదో మా నాన్నకి ఏటని చెప్పేవు?”

అతను కంచం పక్కకి జరిపాడు.

“ఓడలో జాగా చాల్లేదని చెప్పేను.”

రాధాకుమారి ఫోను తీసుకుంది. భర్త ముఖం వైపు చూడటం ఆమెకి ఇష్టం లేకపోయింది. పెళ్ళయిన ఆరేళ్ళలో అతను అబద్ధమాడడం ఆమెకి తెలియదు. ఎవరి సరుకైనా గుప్పెడు గింజ కూడా ఇంటికి తేని మనిషి. ఆ మాట ఊరంతా చెప్పుకునేవారు. ఆ మాట మీదే తండ్రి దండాసి ఈ ఏడు ఊరికి దగ్గర్లోని బగో పట్నం వ్యాపారులకి అమ్మవద్దని ఊరివాళ్ళను ఒప్పించి, ఇరవై ఇళ్ళ మినుములు లారీలకెత్తించి రంగూను తెచ్చాడు.

“మీ మావ అదే అహ్లోన్ జెట్టీలో బస్తాలు మోసీ మోసీ నడుం వంగిపోయి పోయేడు,” అంది లక్ష్మీనరసమ్మ. గొంతు పెంచలేదు. “ఆయన కొడుకు అదే జెట్టీలో కుర్చీ మీద కూకుని పేర్లు రాస్తన్నాడు. ఆ కుర్చీ పోతే ఈడు కూడా ఈపు మీద గోనె ఏసుకోవాల. నీకది కావాలేటే?”

“నాకేటి కావాలో ఈ ఇంట్లో ఎవరడిగేరత్తా?”

వీధిలోకి వేలాడేలా బాల్కనీకి కట్టిన తాడు కదిలింది. తాడు పై చివరనున్న గంట రెండుసార్లు మోగింది.

రాధాకుమారి వెళ్ళి కిందికి చూసింది. వీధిలో దండాసి నిలబడి ఉన్నాడు. రోజూ గిన్నె సంచీ తాడుకి కట్టి పంపిస్తే తీసుకుని వెళ్ళిపోయే మనిషి, ఈ రోజు తాడు వదిలేసి, పైకి వస్తున్నానని చెయ్యెత్తి చూపించాడు.

*

గుమ్మం బయటే ఆగాడు దండాసి. మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి ఉంది.

“కొంచెం నీళ్ళియ్యమ్మా. కాళ్ళు కడుక్కుంటాను.”

చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన మెట్ల మీదే కాళ్ళు కడుక్కుని, లోపలికి వచ్చి, మోహనకృష్ణ లేచి చూపించిన కుర్చీ వదిలేసి గోడవారగా నేల మీద కూర్చున్నాడు. ఈ పన్నెండు రోజుల్లో చెంపలు లోపలికి పోయాయి.

“ఊరి నుంచి లారీ ఒచ్చింది. పోలయ్యా, గంగాభవానీ ఒచ్చేరు. తడిసిందాంట్లో పనికొచ్చేది ఏరుకుని పట్టుకుపోతారంట. పొద్దుండగానే ఊరు సేరాల, సీకటి పడితే మిలిట్రీవోళ్ళు దారి మూసేత్తారు.” ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. “ఎందుకిలగయిందని అడుగుతారు. అడగరేటి? నేనేటి సెప్తానో మీకు ముందు సెబ్దామని ఒచ్చేను.”

“మావా, నేనే...” అన్నాడు మోహనకృష్ణ.

“నాకు తెలుసు బాబూ.”

మోహనకృష్ణ తలెత్తి చూశాడు.

“నువ్వు పేరు కొట్టేసినప్పుడు కిటికీ అవతల నేను నిలబడే ఉన్నాను. మన వంతు ఎప్పుడొస్తాదో అడుగుదారని ఒచ్చేను. నాకు బర్మా సదువు రాదు గానీ మీ యజమాని మాట ఇన్నాను, నువ్వు గీత కొట్టడం సూసేను. మొకం సూసేను.”

“మరి నన్నడగలేదు.”

“అడిగితే నువ్వేటి సెప్తావు?”

మోహనకృష్ణ గోడకి ఆనుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరగడం రాధాకుమారి చూసింది. మరో రోజయితే ఆ నీళ్ళకి ఆమె మెత్తబడిపోయేది.

“మొదటి ఓడకి ఎక్కించొద్దని నేనే అన్నానని సెప్తాను,” అన్నాడు దండాసి. “ధర పెరుగుతాది, రెండో ఓడ దాకా ఆగుదారని నేనే ఆపించేనని సెప్తాను.”

“నాన్నా!”

“మరేటి సెప్పమంటావమ్మా? అల్లుడు పేరు కొట్టేసేడని సెప్పనా? ఇరవై ఇళ్ళోళ్ళూ ఈడి ఆఫీసు మీదకి ఎల్తారు. ఆ యజమాని ఈణ్ణుంచుతాడా? ఉంచినా, ఊళ్ళో ఆడ మగా నిన్ను సూసి మొకం తిప్పుకుంటారు. పండగకి నువ్వు ఊరు రాగలవా? నాకేటి, ముసిలోణ్ణి. తిడతారు. పడతాను.”

“తిట్టడం కాదు నాన్నా. ఆశపడ్డావనుకుంటారు. నువ్వు ఆశపడి ఇరవై ఇళ్ళు ముంచేవనుకుంటారు.”

“అనుకోనీ.”

ఊళ్ళో అమ్మవారి జాతరకి ఏటా ఆయన చేతికే గుడి తాళాలిస్తారు. అన్నదమ్ములు పొలం గట్టు కోసం కొట్టుకుంటే ఆయన వచ్చి కొలతాడు వేసేదాకా ఆగుతారు. అరవై రెండేళ్ళలో సంపాదించుకున్నది అదొక్కటే.

లక్ష్మీనరసమ్మ గబగబా లేచి వెళ్ళి టీ పట్టుకొచ్చింది. “పెద్దమనిషివి అన్నయ్యా. తాగు. వేడిగా తాగు,” అంది. గ్లాసు అందిస్తున్న ఆమె ముఖంలో భారం దిగిపోయిన తేలిక రాధాకుమారి కంటపడింది. అత్తగారి మీద కోపం రావాల్సింది. రాలేదు. కొడుకు కోసం తల్లీ, కూతురి కోసం తండ్రీ ఒకే గదిలో ఒకే అబద్ధం పంచుకుంటున్నారు, అంతే.

దండాసి టీ తాగి, గ్లాసు బోర్లించి, లేచాడు.

“నేనూ వస్తాను,” అంది రాధాకుమారి.

“వొద్దమ్మా.”

ఆమె అప్పటికే చెప్పులేసుకుంది. మోహనకృష్ణ గోడ దగ్గరే ఉండిపోయాడు.

*

బస్సులో తండ్రీ కూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. అహ్లోన్ చేరేలోగా ఒకసారి దండాసి కూతురి భుజం మీద ఊడిన పిన్నీసు చూసి సరిగ్గా పెట్టుకోమని వేలితో చూపించాడు.

జెట్టీ ఆవరణలోకి అడుగుపెట్టగానే వాసన తగిలింది. రుబ్బడానికి నానబోసి మర్చిపోయిన పప్పు వాసన. ఎండ ఎక్కే కొద్దీ పుల్లగా, గొంతుకి అడ్డం పడేలా ఉంది. టార్పాలిన్ తీసేసి ఉంది. పై వరస బస్తాలు నల్లబడ్డాయి. కింది వరస గోనెల కన్నాల్లోంచి మొలకలు తెల్లగా, సన్నగా బయటికి పొడుచుకొచ్చాయి. నదిలో ఒక ఖాళీ పడవ తప్ప మరేమీ లేదు.

గంగాభవాని నేల మీద కూర్చుని ఒక బస్తా విప్పి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, పొడి గింజ కోసం వెతుకుతోంది. భర్త పోయాక ఒంటిచేత్తో మూడెకరాలు చేసుకునే మనిషి. చెయ్యి బయటికి తీసింది. గుప్పిట్లో బూజు పట్టిన ముద్ద.

“నా ఏడు బస్తాలూ ఇంతే అన్నయ్యా,” అంది దండాసిని చూసి. ఏడవలేదు. “బగో యాపారి ఇంటికొచ్చి అడిగేడు. మా అన్నయ్య మాటిచ్చేడు, నీకియ్యనన్నాను.”

దండాసి తల దించుకున్నాడు.

పోలయ్య లారీ మీంచి దిగి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. దండాసికి వరసకు బావమరిది. పొద్దున్నించి బస్తాలు ఎత్తి దించినందుకు చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“బావా, గుమస్తాల్ని అడిగేను. మన తరవాత ఒచ్చినోళ్ళ సరుకు మొదటి ఓడకి ఎల్లిపోయిందంట. మంది ఎందుకెల్లలేదు?”

“నేనే ఆపించేను పోలయ్యా.”

“ఏటి?”

“ధర పెరుగుతాదని ఎవరో అన్నారు. రెండో ఓడకి పంపిస్తే నాలుగు రూకలు ఎక్కువొస్తాయని నేనే ఆపమన్నాను. అల్లుడు వొద్దన్నాడు. నేనే ఇనలేదు.”

గంగాభవాని చేతిలోని ముద్ద కింద పడేసి, చెయ్యి చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

“మమ్మల్నడిగేవా?” అన్నాడు పోలయ్య.

“లేదు.”

“ఇరవై ఇళ్ళ గింజ. ఒక్కణ్ణయినా అడిగేవా?”

“లేదు. తప్పయిపోయింది.”

“అబద్ధం!” అంది రాధాకుమారి.

దండాసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

“అబద్ధం మావా. నాన్న ఎవర్నీ ఆపమన్లేదు. మన పేరు కొట్టేసింది మా ఆయన. సంతకం ఉన్నాది, చూడు.” ఫోను తీసి పోలయ్య ముఖం ముందు పెట్టింది. “యజమాని అన్నాడని మా ఆయన కొట్టేసేడు. నాన్న అల్లుణ్ణి కాయడానికి చెప్తన్నాడు.”

పోలయ్య ఫోను వైపు చూశాడు. గొలుసుల్లాంటి బర్మా అక్షరాలు. ఆయనకి చదవడం రాదు. ఎర్ర గీత కనిపించింది.

“కొట్టేసేడు, సరే. మీ నాన్న ఆపమంటే కొట్టకుండా ఎలగాపుతాడమ్మా?”

“కాదు మావా...”

“నువ్వు మంచిదానివే. కన్నతండ్రి తలొంచుకుంటే సూళ్ళేవు. అందుకని మొగుణ్ణి ముందుకి తోస్తన్నావు. అలగ సెయ్యకు తల్లీ. నీ కాపరం పాడు సేసుకోకు.”

రాధాకుమారి ఫోను దించింది. నిజం చెబితే చాలనుకుంది. చెప్పాక అది ఎవరికీ అక్కర్లేకుండా అక్కడే పడి ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఆ సమయానికి గేటు దగ్గర టాక్సీ ఆగింది. మోహనకృష్ణ దిగాడు. చొక్కా గుండీలు వరస తప్పి పెట్టుకుని ఉన్నాడు. పరుగులాంటి నడకతో వస్తున్నాడు. ఆ రావడం చూసి రాధాకుమారికి ప్రాణం లేచివచ్చింది. చెప్పడానికే వస్తున్నాడు. ఆరేళ్ళుగా తెలిసిన మనిషి, ఆ ముఖం ఆమెకి తెలుసు.

“ఇదిగో, ఆయనే ఒచ్చేడు. ఆయన్నే అడుగు మావా.”

“అల్లుడు బాబూ,” అన్నాడు పోలయ్య. గొంతులో గౌరవం ఉంది. “నువ్వే సెప్పు. నువ్వు అబద్ధమాడవని ఊరంతా నమ్ముతాది. మన సరుకు ఆపమన్నది మీ మావేనా?”

మోహనకృష్ణ నోరు తెరిచాడు.

ఆఫీసు వరండాలోకి యజమాని వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. ఏం గొడవో చూద్దామని లుంగీ సర్దుకుంటూ వచ్చాడు, అంతే. గుమస్తాలిద్దరు ఆయన వెనకాల నిలబడ్డారు.

మోహనకృష్ణ వరండా వైపు చూశాడు. తరవాత మామ వైపు చూశాడు. దండాసి ఎవరికీ కనిపించకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“మావ చెప్పింది... అంతే,” అన్నాడు మోహనకృష్ణ.

పోలయ్య తలాడించాడు. ఇంకేమీ అడగలేదు. లారీ దగ్గరికి నడిచి, డ్రైవరుతో ఏదో అన్నాడు. తడవని బస్తాలు పదకొండు దొరికాయి. అవి ఎక్కించడం అయిపోయింది. మిగతావి బాతుల మేతకి ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యమని గుమస్తాకి చెప్పాడు.

దండాసి అలవాటుగా లారీ వెనక చక్రం మీద కాలు పెట్టి ఎక్కబోయాడు.

“నీకు సోటు లేదు,” అన్నాడు పోలయ్య. ఈసారి బావా అనలేదు.

“వెనకాల బస్తాల మీద కూకుంటాను పోలయ్యా.”

“గంగాభవాని కూకోవాల. ఆ మనిషి పక్కన నువ్వెలగ కూకుంటావు?”

దండాసి కాలు దించాడు. పన్నెండు రాత్రులు పడుకున్న చాప, దుప్పటి మూట అప్పటికే లారీలో పెట్టి ఉంది. గంగాభవాని దాన్ని రెండు చేతులా ఎత్తి, వంగి, ఆయన కాళ్ళ దగ్గర నెమ్మదిగా పెట్టింది. విసిరేసి ఉంటే బాగుండేది. ఆ నెమ్మదికి దండాసి నిలబడలేక పక్కనున్న బస్తా మీద కూలబడిపోయాడు.

లారీ వెళ్ళిపోయింది.

“ఇంటికి పదండి మావా,” అన్నాడు మోహనకృష్ణ. “ఎండెక్కేస్తంది.”

రాధాకుమారి మూట ఎత్తి చంకన పెట్టుకుని, తండ్రిని చెయ్యి పట్టి లేపింది. ఇద్దరూ గేటు దాటారు. వెనక మోహనకృష్ణ “రాధా” అని పిలవడం ఆమెకి వినిపించింది. రెండోసారి కూడా పిలిచాడు. ఆమె నడుస్తూనే ఉంది.

బస్సు ఆగే చోట దండాసి మూట అందుకోబోయాడు.

“ఇలగియ్యి. నువ్వు ఇంటికెల్లు.”

“నువ్వెక్కడికెళ్తావు?”

“ఎక్కడికో ఓ కాడికి. నువ్వు మాత్రం ఆడితో ఎల్లు. నువ్వు నా ఎనకాల ఒచ్చేస్తే ఇందాక నేనాడిన అబద్ధం దండగయిపోతాదమ్మా. నీకోసమే కదా అన్నాను. నా మాట పోగొట్టుకున్నాను, ఊరు పోగొట్టుకున్నాను. అదైనా మిగలనియ్యి.”

ఆయన చేతులు జోడించినంత పని చేశాడు.

రాధాకుమారి తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన అడుగుతున్నది చిన్నదే. తామ్వే వెళ్ళి, పొయ్యి వెలిగించి, మోహనకృష్ణకి కంచం పెట్టి, ఈ రోజు జరగనట్టు ఉండటం. అంతే. ఆమెకి అది చేతకాదని ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు.

“దండగే నాన్నా,” అంది.

బస్సు వచ్చి ఆగింది. ముందు మూట ఎక్కించింది. తరవాత తండ్రిని ఎక్కించింది. తలుపు మూసుకుంటుండగా గేటు దగ్గర గుండీలు తప్పిన చొక్కాతో పరుగెత్తుకొస్తున్న మనిషి కనిపించాడు. ఆమె ముఖం తిప్పుకోలేదు, డ్రైవర్ని ఆపమనీ అనలేదు.

కిటికీ పక్క సీట్లో దండాసి కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడ దిగాలో ఇద్దరిలో ఎవరూ అనలేదు.